ఎంపీసీనా... బైపీసీనా?

పదో తరగతి గట్టెక్కిన ప్రతి ఇంట్లోనూ వేసవి ఎండ కన్నా ఈ ప్రశ్న వేడే ఎక్కువ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ ఒక్క ప్రశ్న ఎన్ని రకాలుగా వినిపిస్తుందో, దానికి జవాబు ఎక్కడ వెతుక్కోవాలో చూద్దాం.

పది ఫలితాలొచ్చిన రోజు ఇంట్లో మిఠాయి పంచుతారు. అసలు పరీక్ష మర్నాటి నుంచి మొదలవుతుంది. దానికి హాల్‌టికెట్ ఉండదు. సిలబస్ ఉండదు. ప్రశ్నపత్రంలో ఉండేది ఒక్కటే ప్రశ్న. రాయాల్సింది పిల్లలే. కానీ జవాబు చెప్పేది మాత్రం మేనమామ, పక్కింటి ఇంజినీరు, బాబాయి స్నేహితుడు, చివరికి కరపత్రం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కాలేజీ పీఆర్వో.

'ఏం తీసుకుంటవు బిడ్డా?' అని తండ్రి అడుగుతాడు. బిడ్డ నోరు తెరిచేలోపే 'దానికి లెక్కలంటే భయం, బైపీసీ ఇప్పిద్దాం' అని తల్లి అంటుంది. 'మగపిల్లోడికి బైపీసీ ఏంది, ఎంపీసీ చేయించి హైదరాబాద్ పంపు' అని ఇంకో ఇంట్లో పెద్దాయన తీర్పు చెబుతాడు. ఇవి ఫలానా ఇంటి మాటలని చెప్పలేం. ఏ వీధిలోకి వెళ్లినా వినిపించేవే.

లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ. అబ్బాయైతే ఇంజినీరు, అమ్మాయైతే డాక్టరు. ఈ సూత్రాలు ఎవరు రాశారో తెలియదు కానీ, రెండేళ్ల చదువునీ ఆ తర్వాతి జీవితాన్నీ అవే నడిపిస్తున్నాయి. పదిహేనేళ్ల పిల్లల తరఫున అంత పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు సూత్రాలను కాసేపు పక్కన పెట్టి, వాస్తవాలు చూడటం మంచిది కదా!

మూడు ఊళ్లు... మూడు ఆశలు

పిల్లల కలలు గాల్లోంచి రావు. ఊళ్లో ఏం కనిపిస్తుందో దాన్ని బట్టే పుడతాయి.

సూర్యాపేటనే తీసుకోండి. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద బస్సు ఎక్కేవాళ్లూ దిగేవాళ్లతో ఎప్పుడూ సందడిగా ఉండే ఊరు. 2016 అక్టోబరు 11న నల్గొండ నుంచి విడివడి జిల్లా కేంద్రమైంది. 2019లో 150 ఎంబీబీఎస్ సీట్లతో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది నల్గొండకూ ఒకటి వచ్చింది. అంతకుముందు ప్రభుత్వ కాలేజీలో డాక్టరు చదువంటే జిల్లా దాటాల్సిందే. ఇప్పుడు తెల్లకోటు చేతిమీద వేసుకుని నడిచే పిల్లలు సొంత ఊళ్లోనే కనిపిస్తుంటే, పదో తరగతి చదివే అమ్మాయికి 'నేనూ అలా...' అనిపించడంలో ఆశ్చర్యమేముంది? అయితే ఒక మాట. కాలేజీ మన ఊళ్లో ఉన్నంత మాత్రాన సీటు మన ఊరిదైపోదు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు వెళతాయి. మిగిలినవాటికి రాష్ట్రమంతటి పిల్లలూ ర్యాంకు పట్టుకుని నిలబడతారు.

మిర్యాలగూడది ఇంకో కథ. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, వరసగా రైసు మిల్లులు, రైలు కూత. కాస్త అవతల దామరచర్ల మండలంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో, 4,000 మెగావాట్ల సామర్థ్యంతో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. మిల్లులో మోటారు చెడితే గంటలో బాగుచేసే మనిషిని చూస్తూ పెరిగిన పిల్లాడికి యంత్రం మీద మనసు పోతుంది. పొలానికి తెగులు వస్తే నాన్న పడే అవస్థ చూసిన పిల్లకు ఆ తెగులు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనిపిస్తుంది. మొదటివాడిది ఎంపీసీ బుద్ధి, రెండోదానిది బైపీసీ బుద్ధి. కానీ చాలా ఇళ్లలో వీటినెవరూ 'ఆసక్తి' అనుకోరు. అల్లరి అనో, అక్కర్లేని ప్రశ్నలనో అంటారు.

ఇక కోదాడ. రాష్ట్రం చివరి ఊరు. విజయవాడ నూరు కిలోమీటర్లలోపే. హైదరాబాద్ దానికి దాదాపు రెట్టింపు దూరం. అందుకే ఇక్కడి పిల్లలు ఇంటర్ కోసం విజయవాడ హాస్టళ్లకు పెట్టె సర్దుకోవడం పాత అలవాటు. ఆ అలవాటుకు ఇప్పుడో పెద్ద చిక్కు వచ్చిపడింది. దాని సంగతి కాసేపట్లో.

తేడా మూడొందల మార్కులే!

ఎంపీసీ, బైపీసీ అంటే తూర్పు పడమరలని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి నడిచిన ఇంటర్ వెయ్యి మార్కుల లెక్క ఒకసారి విప్పి చూడండి. ఇంగ్లిషు, రెండో భాష కలిపి రెండేళ్లలో 400. భౌతిక, రసాయన శాస్త్రాలు ప్రాక్టికల్స్‌తో కలిపి 300. ఇవి రెండు గ్రూపుల వాళ్లకూ ఉమ్మడే. మిగిలిన 300 దగ్గరే దారులు విడిపోతాయి. ఎంపీసీ వాళ్లకు అవి గణితం, నాలుగు పేపర్లు, ఒక్కోటి 75. బైపీసీ వాళ్లకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, వాటి ప్రాక్టికల్స్.

అంటే పదింట ఏడు వంతుల చదువు ఒకటే. ఈ సంగతి తెలిస్తే 'లెక్కలు రాకపోతే బైపీసీ' అన్న సూత్రం ఎంత బలహీనమైందో అర్థమవుతుంది. బైపీసీ తీసుకున్నంత మాత్రాన లెక్కలు వదలవు. ఫిజిక్స్ పుస్తకం నిండా అవే. నీట్‌లో 720 మార్కులుంటే జీవశాస్త్రానికి 360, భౌతికశాస్త్రానికి 180, రసాయనశాస్త్రానికి 180. జీవశాస్త్రం కంఠతా వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ర్యాంకు దగ్గర వాళ్లను విడదీసేది తరచూ ఫిజిక్సే. పైగా తప్పు జవాబుకు ఒక మార్కు కోత. లెక్కలకు భయపడి బైపీసీలోకి పారిపోయిన పిల్లకు ఆ భయం అక్కడ కూడా ఎదురుపడుతుంది.

ఎంపీసీ వైపు కూడా అంతే. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఎంసెట్‌కు 2024లో ఎప్‌సెట్ అని పేరు మారింది. అందులో 160 మార్కులుంటే గణితానికి 80, ఫిజిక్సుకు 40, కెమిస్ట్రీకి 40. పదిలో లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయంటే ఇంటర్ గణితం కూడా వచ్చేస్తుందని కాదు. పదిలో ఒక మాదిరి లెక్కను పదిసార్లు చేస్తే పరీక్షలో గట్టెక్కవచ్చు. ఇంటర్‌లో ప్రమేయాలు, సదిశలు, అవకలనం వచ్చేసరికి లెక్క ఎందుకలా చేస్తున్నామో తెలియాలి. తెలియకుండా చేసే చేయి కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది.

ఏ దారి ఎటు పోతుంది?

చాలా ఇళ్లలో ఎంపీసీ అంటే ఇంజినీరింగ్, బైపీసీ అంటే ఎంబీబీఎస్. అంతే. మధ్యలో ఇంకేమీ లేదు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఊరూరా ఇంజినీరింగ్ చదువు అందుబాటులోకి వచ్చింది. మంచిదే. కానీ ఆ వెలుగులో మిగతా దారులు చీకట్లో పడిపోయాయి.

ఎంపీసీ చదివితే ఇంజినీరింగ్‌తో పాటు ఆర్కిటెక్చర్ ఉంది. ఎన్‌డీఏ ద్వారా వైమానిక, నౌకాదళాల్లోకి వెళ్లాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం ఉండాలి. డిగ్రీలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్లు ఉన్నాయి. వ్యవసాయ ఇంజినీరింగ్ బీటెక్ కూడా ఎంపీసీ వాళ్లదే. ట్రాక్టరు, డ్రిప్పు, గోదాముల పని అంతా అదే మరి!

బైపీసీ దారిలో ఎంబీబీఎస్, దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి ఉన్నాయి. అవి కాక వ్యవసాయ బీఎస్సీ, ఉద్యాన కోర్సులు, పశువైద్యం, మత్స్యశాస్త్రం, నర్సింగ్, ఫిజియోథెరపీ, బయోటెక్నాలజీ ఉన్నాయి. మిర్యాలగూడ ప్రాంతపు పిల్లలకు ఇందులో వ్యవసాయం పరాయిది కాదు. త్రిపురారం మండలం కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. మార్కెట్లో అందరూ అడిగే 'తెలంగాణ సోన' బియ్యం తెలుసు కదా. ఆర్ఎన్‌ఆర్ 15048 అనే ఆ వంగడాన్ని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రూపొందించారు. 2015లో విడుదలైంది. అలాంటి వంగడాల వెనక ఉండేది మందులచీటీ రాసే డాక్టర్లు కారు, మొక్కల శాస్త్రం చదివినవాళ్లు.

రెండు గ్రూపుల వాళ్లకూ తెరిచి ఉండే తలుపులూ ఉన్నాయి. బీఫార్మసీ, ఫార్మ్-డీ ఇద్దరూ చదవొచ్చు. అయిదేళ్ల న్యాయవిద్య, ఉపాధ్యాయ శిక్షణ, డిగ్రీ తర్వాత గ్రూప్స్ పరీక్షలు ఎవరికైనా సరే. సైన్సునే వృత్తిగా చేసుకోవాలనుకునేవాళ్లకు ఐసర్ విద్యాసంస్థలున్నాయి. మనకు దగ్గర్లోది తిరుపతిలో 2015లో మొదలైంది. దాని ప్రవేశపరీక్షలో గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు నాలుగింటికీ సమానంగా ప్రశ్నలుంటాయి. సైన్సును గ్రూపులుగా చీల్చింది మన సౌకర్యం కోసమే తప్ప సైన్సుకు ఆ గోడ లేదని ఆ ప్రశ్నపత్రమే చెబుతుంది.

కాలం లెక్క కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. బీటెక్ నాలుగేళ్లు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు, పైన ఏడాది హౌస్‌సర్జన్సీ. పీజీ అంటే మరో మూడేళ్లు. నీట్‌లో మొదటిసారి సీటు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చుంటే ఆ ఏడాదీ రెండేళ్లూ అదనం. ఇంట్లో ఖర్చు భరించగలరా, బిడ్డ అన్నేళ్లు ఓపిక పట్టగలదా అన్నది ముందే అనుకుంటే తర్వాత ఒకరినొకరు దెప్పుకోవాల్సిన పని ఉండదు. అలాగే 'ఆడపిల్లకు అంత పొడుగు చదువెందుకు' అన్న మాట గ్రూపు ఎంపికలోకి దొంగచాటుగా దూరుతుంటుంది. దూరం పంపడం ఇష్టంలేక ఊళ్లో ఉన్న కాలేజీలో ఏ గ్రూపు బాగుందంటే అందులో చేర్పించడం, అబ్బాయినైతే అప్పు చేసైనా హాస్టల్లో వేయడం మనకు తెలియనివి కావు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టామా అని ఒకసారి మనల్ని మనం అడిగి చూసుకోవాలి.

ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష

మరి బిడ్డకు ఏది పడుతుందో తెలిసేదెలా? దీనికి కౌన్సెలింగ్ సెంటర్లకు వేలు పోయనక్కర్లేదు. వీధిలో ఇంటర్ అయిపోయిన అక్కనో అన్ననో అడిగి తెలుగు అకాడమీ మొదటి సంవత్సరం పుస్తకాలు నాలుగు తెప్పించండి. గణితం 1ఏ, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, ఫిజిక్స్. కాలేజీలో డబ్బు కట్టకముందే రెండు వారాలు వాటిని పిల్లల చేతికివ్వండి.

పొద్దున ప్రమేయాలు అధ్యాయం. సాయంత్రం జంతుశాస్త్రంలో బొద్దింక పాఠం. పరీక్ష పెట్టొద్దు. మార్కులు వేయొద్దు. పక్కన కూర్చుని గమనించండి. లెక్క చిక్కుపడి అరగంట కదలకపోతే ఏం చేస్తున్నాడు? పుస్తకం విసిరేస్తున్నాడా, లేక ఇంకో కాగితం తీసుకుంటున్నాడా? బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి, భాగాలకు పేర్లు పెట్టమంటే విసుక్కుంటోందా, లేక 'దీనికి పళ్లు కడుపులో ఉంటాయంట అమ్మా' అని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి చెబుతోందా?

గణితం కోరేది చిక్కు దగ్గర ఆగి ఉండగలిగే ఓపిక. జీవశాస్త్రం కోరేది కొండంత సమాచారాన్ని పొందికగా సర్దుకునే ఓపిక. నోరు తిరగని లాటిన్ పేర్లు, బొమ్మలు, వర్గీకరణలు, ప్రాక్టికల్‌లో కాండాన్ని సన్నగా కోసి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టడం. ఒకటి తేలికా ఇంకోటి కష్టమా అంటే చెప్పలేం. రెండూ కష్టమే. ఏ కష్టం మీ బిడ్డకు ఇష్టంగా ఉందన్నదే ప్రశ్న. చెప్పకుండానే రెండోసారి తెరిచిన పుస్తకం ఏదో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిషుకు మారే పిల్లల విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి. మొదటి మూడు నెలలు పాఠం అర్థం కాకపోవడానికి సబ్జెక్టు కారణం కాకపోవచ్చు, భాష కావచ్చు. నీట్ 2017 నుంచి, జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాసే వీలుంది. ఇది తెలియక 'నాకు బయాలజీ రాదు', 'నాకు ఫిజిక్స్ రాదు' అని తమ మీద తామే ముద్ర వేసుకున్న పిల్లలు ఎందరో!

కోదాడ దాటేముందు...

పుస్తకం తేల్చేది గ్రూపు సంగతి. ఎక్కడ చదవాలన్నది ఇంకో సంగతి. సరిహద్దు ఊళ్లకు అది మరీ ముఖ్యం.

ఉమ్మడి రాష్ట్రంలో కోదాడ పిల్లాడు విజయవాడలో ఇంటర్ చదివినా పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడన్న లెక్క ఆదుకునేది. రెండు రాష్ట్రాలయ్యాక కూడా కొన్నేళ్లు అలాగే గడిచింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం వైద్యవిద్య ప్రవేశాల నిబంధన మార్చింది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, వరసగా తెలంగాణలో చదివినవాళ్లే స్థానికులని చెప్పింది. దాని మీద హైకోర్టులో, ఆ తర్వాత సుప్రీంకోర్టులో వాదోపవాదాలు నడిచాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి.

దీని అర్థమేమిటి? కోదాడలో పుట్టి, కోదాడలో పది చదివి, బైపీసీ కోసం రామాపురం అడ్డరోడ్డు దాటి విజయవాడ హాస్టల్లో చేరిన అమ్మాయి రెండేళ్ల తర్వాత మంచి ర్యాంకు తెచ్చుకున్నా, సొంత జిల్లాలోని సూర్యాపేట వైద్య కళాశాలలో స్థానిక కోటా సీటుకు అర్హత లేకుండా పోవచ్చు. అమ్మానాన్నలకు ఆధార్ ఉంది, రేషన్‌కార్డు ఉంది, పొలం ఉంది అంటే సరిపోదు. మంచి కాలేజీ అని పంపినందుకే బిడ్డకు నష్టం జరిగితే ఆ బాధ ఎవరితో చెప్పుకుంటారు? ఇంజినీరింగ్ ప్రవేశాలకూ స్థానికత లెక్కలున్నాయి. అందుకే ఫీజు కట్టేముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో స్థానికత పేరా ఒకటికి రెండుసార్లు చదవాలి. పీఆర్వో చెప్పాడు కదా అని వదిలేస్తే ఆనక నష్టపోయేది పీఆర్వో కాదు.

ఇంకో విశేషం. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదువుకునే వీలు కల్పించింది. గరికపాడు చెక్‌పోస్టు అవతలకు వెళితే రెండు పడవల మీదా కాలు పెట్టొచ్చన్నమాట. కానీ కోదాడ పిల్లలు దానికోసం సరిహద్దు దాటితే పైన చెప్పిన స్థానికత చిక్కే ఎదురవుతుంది.

తప్పటడుగు పడితే?

ఎంత జాగ్రత్తపడినా కొందరికి ఎంపిక తప్పుతుంది. ఆరు నెలలకే తెలిసిపోతుంది కూడా. కానీ ఇంట్లో చెప్పడానికి భయం. కట్టిన ఫీజు గుర్తొస్తుంది. పక్కింటివాళ్లు గుర్తొస్తారు. ఆ భయంలోనే రెండేళ్లు నలిగిపోతారు. అమ్మానాన్నలు ముందే ఒక్క మాట చెప్పి ఉంచితే చాలు: 'నచ్చకపోతే చెప్పు నాయినా, ఏదో ఒకటి ఆలోచిద్దాం.' ఇది ఏ కోచింగూ ఇవ్వలేని ధైర్యం.

నిజంగానే దారులున్నాయి. మొదటి వారాల్లోనే అయితే గ్రూపు మార్చుకోవడం గురించి ప్రిన్సిపాల్‌ని అడగొచ్చు. ఇంటర్ పరీక్షల టైంటేబుల్ చూస్తే 'బ్రిడ్జి కోర్సు గణితం - బైపీసీ విద్యార్థులకు' అన్న పంక్తి ఏళ్లుగా కనిపిస్తుంది. బైపీసీ చదువుతూనే కొంత గణితం పూర్తిచేసుకునే ఏర్పాటది. ఎంపీసీ చదివాక డాక్టరు కావాలనిపించినవాళ్లకు ఒకప్పుడు తలుపు పూర్తిగా మూసుకుపోయేది. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ దాన్ని కొంచెం తెరిచింది. ఇంటర్ పాసయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు ద్వారా జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయొచ్చంది. తేలిక దారి అని కాదు, దారి ఉందని.

ఈ వ్యాసం రాస్తున్న మనిషి సంగతీ చెప్పాలి. 2000ల మధ్యలో మా తరగతిలో మార్కులొచ్చిన వాళ్లందరూ ఎంపీసీలో చేరారు కాబట్టి నేనూ చేరాను. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకోదారి అంటారు కదా, ఆ ఉలిపికట్టె అయ్యే ధైర్యం నాకు లేకపోయింది. రెండేళ్లూ బిందుపథం పాఠం నా వెంటపడి తరిమింది. రికార్డుల్లో ఇతరుల బొమ్మలకు కింద వివరణలు రాసిపెట్టడం మాత్రం భలే ఇష్టంగా చేసేవాణ్ని. రాయడం ఇష్టమని ఎవరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు. డిగ్రీ అయ్యాక జర్నలిజం డిప్లొమాలో చేరిన రోజు 'రెండేళ్లు దండగ' అని మా నాన్న అన్నారు. దండగ కాలేదు. ఇప్పుడు ఎవరైనా శాతాలతో బోల్తా కొట్టించాలని చూస్తే పట్టుకోగలుగుతున్నా!

పెద్దవాళ్ల కథ కావాలంటే వెంకి రామకృష్ణన్‌ది ఉంది. 1976లో అమెరికాలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అప్పుడు మనసు జీవశాస్త్రం మీదికి మళ్లింది. డాక్టరేటు చేతిలో ఉండగానే మళ్లీ విద్యార్థిగా చేరి జీవశాస్త్రం మొదటి నుంచి చదువుకున్నారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం మీద చేసిన కృషికి 2009లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అది కూడా రసాయనశాస్త్రంలో! ఆయన్ని ఎంపీసీ అనాలా, బైపీసీ అనాలా?

ఒక బకెట్ నీళ్లు

మన జిల్లా కథే ఒకటి చెప్పి ముగిద్దాం. ఉమ్మడి నల్గొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. వంగిన వెన్నులు, పసుపు గారపట్టిన పళ్లు, నడవలేని పిల్లలు. తాగేనీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. బోరుబావుల్లో అంతకు ఎన్నోరెట్లు ఉండేది. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు ఒక పద్ధతి రూపొందించారు. నీళ్లలో తగినంత సున్నం, పటిక కలిపి బాగా తిప్పాలి. తేరుకోనివ్వాలి. ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితో పాటు అడుక్కి దిగిపోతుంది. పైన తేట నీళ్లు తీసుకోవాలి. ఇంట్లో బకెట్‌తో కూడా చేసుకోగలిగిన పని. ప్రపంచంలో దానికి ఉన్న పేరు ఏమిటో తెలుసా? 'నల్గొండ టెక్నిక్'. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల దాకా ఆ పేరు వెళ్లింది.

ఆ బకెట్‌లోకి తొంగి చూడండి. ఎముకకు ఏం జరుగుతుందో చెప్పింది జీవశాస్త్రం. పటిక ఫ్లోరైడ్‌ను ఎలా లాక్కెళుతుందో చెప్పింది రసాయనశాస్త్రం. ఎన్ని లీటర్లకు ఎంత పటిక అని తేల్చింది లెక్క. కలిపి, తేర్చి, ఊరికి సరిపడా చేసే ట్యాంకు కట్టింది ఇంజినీరింగ్. ఏ ఒక్కటి లేకపోయినా ఆ నీళ్లు తేటపడేవి కావు.

కాబట్టి గ్రూపు చిన్నదా పెద్దదా అన్న పంచాయితీ మానేద్దాం. సూర్యాపేట అమ్మాయైనా, మిర్యాలగూడ అబ్బాయైనా ఏదో ఒక పనిలో ముందుకెళతారు. ఏ పుస్తకం దగ్గర బిడ్డ కళ్లు వెలుగుతున్నాయో చూసే తీరిక మనకుందా అన్నదే ఇప్పుడు తేలాలి. ఈసారి 'ఏం తీసుకుంటవు బిడ్డా?' అని అడిగాక కాసేపు ఊరుకోండి. జవాబు చెప్పనివ్వండి.

చేర్పించేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని...

- ఈ గ్రూపు ఎవరి కోరిక? బిడ్డదా, మనదా, పక్కింటివాళ్లదా?

- మొదటి సంవత్సరం పుస్తకాలు కనీసం రెండు వారాలు చదివి చూసిందా? ఏది మళ్లీ తెరిచింది?

- అనుకున్న సీటు రాకపోతే అదే గ్రూపుతో వెళ్లగలిగే మరో మూడు కోర్సుల పేర్లు చెప్పగలమా? చెప్పలేకపోతే ఇంకా విచారించాలన్నమాట.

- కాలేజీ ఏ రాష్ట్రంలో ఉంది? స్థానికతకు దానివల్ల ఇబ్బంది ఉందా? ఆ ఏడాది నోటిఫికేషన్ స్వయంగా చదివామా?

- లాంగ్‌టర్మ్ దాకా వెళ్లాల్సివస్తే ఖర్చుకూ కాలానికీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా?

- నచ్చకపోతే భయపడకుండా వచ్చి చెప్పొచ్చని బిడ్డకు తెలుసా?